రాసిందెవరు? దాచిందెవరు? – సైనికుల ఉత్తరాలు, డైరీలు, యుద్ధ జ్ఞాపకం: సాలువా నుంచి ఒక పాఠం



ఖరగ్‌పూర్ పేరు చెప్పగానే మనలో చాలామందికి ఐఐటీ గుర్తొస్తుంది, తర్వాత ఆ పొడవైన రైల్వే ప్లాట్‌ఫారం. బంధువులు ఉన్నవాళ్ళకైతే మూడోది కూడా గుర్తొస్తుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు పనికోసం శ్రీకాకుళం, విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి వెళ్ళి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు. వి.వి. గిరి గారు కార్మిక నాయకుడిగా ఎదిగింది కూడా ఈ బీఎన్ఆర్ కార్మికుల మధ్యనే. 1927 నాటి ఖరగ్‌పూర్ సమ్మె గురించి మీరు ఆధునిక భారత చరిత్రలో చదివే ఉంటారు.

ఆ పట్టణానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉంది సాలువా. ఇవాళ అక్కడ ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ ప్రధాన కేంద్రం, వాయుసేన స్థావరం ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో అది అమెరికన్ వైమానిక స్థావరం. ఈ వ్యాసాన్ని అక్కడి నుంచి మొదలుపెట్టడానికి కారణం ఒక అట్టపెట్టె.

పేరు లేని పెట్టె

1980ల చివర్లో అమెరికాలోని చికాగో దగ్గర ఒక ఇంట్లో పాత సామాన్లు అమ్ముతుంటే అలన్ టెల్లర్, జెర్రీ జ్బిరాల్ అనే కళాకారుల జంట చెప్పుల పెట్టె ఒకటి కొన్నారు. అందులో 127 ఫొటోలు, వాటి నెగెటివ్‌లు ఉన్నాయి. 1945లో బెంగాల్ పల్లెల్లో తీసినవి. గుళ్ళు, సంతలు, పనిపాటలు చేసుకునే మనుషులు. తీసినవాడు సాలువా స్థావరంలో పనిచేసిన అమెరికన్ సైనికుడని తేలింది. ఆ తర్వాత వాళ్ళు బెంగాల్ వచ్చి ఆ చోట్లు వెతికారు. ఆ ఫొటోల ఆధారంగా భారతీయ, అమెరికన్ కళాకారులతో 'ఫాలోయింగ్ ది బాక్స్' అనే ప్రదర్శన కూడా నడిపారు.

ఫొటోలు చాలా బాగున్నాయి. కానీ కెమెరా పట్టినవాడి పేరు ఆ పెట్టెలో లేదు. ఫొటోల్లో ఉన్న ఊరివాళ్ళ పేర్లూ లేవు. పక్కన ఒక్క ఉత్తరం ఉండి ఉంటే, ఒక చిన్న డైరీ ఉండి ఉంటే, ఫలానా రోజు ఫలానా ఊరి సంతకు వెళ్ళాను, ఫలానా మనిషి నీళ్ళిచ్చాడు అని నాలుగు మాటలు ఉండి ఉంటే ఆ ఫొటోల విలువ ఎన్నో రెట్లు పెరిగేది. చిత్రం చూపిస్తుంది, కానీ ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నది చెప్పలేదు. ఆ పని చేసేవి ఉత్తరాలు, డైరీలు.

ఇక్కడే ఈ వ్యాసంలోని అసలు విషయం ఉంది. ఏ ఆధారాన్ని చూసినా మనం సాధారణంగా అడిగేది 'రాసిందెవరు?' అని. దానితోపాటు రెండో ప్రశ్న కూడా అడగాలి: 'దాచిందెవరు?' యుద్ధ జ్ఞాపకం విషయంలో ఈ రెండో ప్రశ్నే ఎక్కువ నిజాలు బయటపెడుతుంది.

ముందు పదాలు స్పష్టం చేసుకుందాం

పరీక్షలో చాలామంది కలిపేసే నాలుగు రకాల ఆధారాలు ఉన్నాయి.

మొదటిది యూనిట్ వార్ డైరీ. పేరులో డైరీ ఉన్నా ఇది వ్యక్తిగతం కాదు. బెటాలియన్ ఏ రోజు ఎక్కడ ఉంది, ఏ ఆదేశం వచ్చింది, ఎంతమంది గాయపడ్డారు అని అధికారి రాసే ప్రభుత్వ పత్రం.

రెండోది వ్యక్తిగత డైరీ. సైనికుడు తనకోసం రాసుకున్నది. యుద్ధరంగంలో డైరీ శత్రువు చేతికి చిక్కుతుందన్న భయంతో సైన్యాలు దీన్ని సాధారణంగా నిషేధించేవి. అయినా రాసినవాళ్ళు రాశారు.

మూడోది ఉత్తరం. ఇది ఎప్పుడూ ఒకరిని ఉద్దేశించి రాసేది. తల్లికి రాసినదానిలో గాయం చిన్నదవుతుంది, స్నేహితుడికి రాసినదానిలో అదే గాయం పెద్దదవుతుంది.

నాలుగోది జ్ఞాపకాల గ్రంథం. యుద్ధం ముగిశాక, యుద్ధం ఎలా ముగిసిందో తెలిశాక రాసింది.

మొదటి మూడూ సంఘటన జరుగుతున్న కాలంలోనివి. రాసేవాడికి రేపు ఏం జరుగుతుందో తెలియదు. ఈ 'తెలియకపోవడం' వల్లనే చరిత్రకారుడికి అవి అమూల్యం. నాలుగోది కూడా ప్రాథమిక ఆధారమే, కానీ దానిలో కాలం చేసిన మార్పులు ఉంటాయి. ఈ తేడా జవాబులో ఒక వాక్యంలో రాయగలిగితే పరీక్షకుడికి మీ అవగాహన అర్థమవుతుంది.

సెన్సార్ దాచిన గొంతులు

మొదటి ప్రపంచ యుద్ధంలో భారతదేశం నుంచి 13 లక్షల మందికి పైగా విదేశీ రంగాలకు వెళ్ళారు. సుమారు 74 వేల మంది చనిపోయారు. 1914 సెప్టెంబర్ 26న భారత దళాలు ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవులో దిగాయి. కొద్ది నెలల్లోనే వాళ్ళు రాసే, వాళ్ళకు వచ్చే ఉత్తరాలను చదవడానికి బ్రిటిష్ వాళ్ళు ప్రత్యేక సెన్సార్ కార్యాలయం పెట్టారు. గదర్ లాంటి విప్లవ సంస్థల సాహిత్యం సిపాయిల చేతికి చేరుతుందన్నది వాళ్ళ భయం. ఐసీఎస్ అధికారి ఇ.బి. హోవెల్ దీని బాధ్యత చూశాడు. ఉర్దూ, పంజాబీ, హిందీ, మరాఠీ వంటి భాషల ఉత్తరాల నుంచి కొన్ని భాగాలను ఇంగ్లీషులోకి తర్జుమా చేసి పై అధికారులకు నివేదికలు పంపేవారు.

అసలు ఉత్తరాలు ఇళ్ళకు చేరాయి. చదివారు, దాచుకున్నారు, తర్వాత చాలావరకు పోయాయి. కానీ సెన్సార్ నివేదికలు లండన్‌లో ఇండియా ఆఫీస్ రికార్డులలో భద్రంగా మిగిలాయి. ఇప్పుడు అవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటి నుంచే చరిత్రకారుడు డేవిడ్ ఒమిస్సి 1999లో భారత సైనికుల ఉత్తరాల సంకలనం తెచ్చాడు. అంటే సిపాయి గొంతును అదుపు చేయడానికి పెట్టిన కార్యాలయమే ఆ గొంతును మనదాకా చేర్చింది.

మరి ఆ గొంతు ఎంతవరకు సిపాయిది? 1911 జనగణన ప్రకారం దేశంలో అక్షరాస్యత 6 శాతం లోపే. చాలామంది సిపాయిలకు రాయడం రాదు. తాను చెబుతుంటే చదువొచ్చిన సహచరుడు రాసేవాడు. ఆ రాత రెజిమెంటు అధికారి కంటపడేది, తర్వాత సెన్సార్ కంటపడేది, తర్వాత అనువాదకుడి చేతిలో ఇంగ్లీషు అయ్యేది. ఊళ్ళో కూడా చదువొచ్చిన ఇంకొకరు పదిమందిలో పైకి చదివి వినిపించేవారు. ఇన్ని చేతులు మారతాయని సిపాయికి తెలుసు. అందుకే సంకేతాలు వాడాడు. భారత దళాలను నల్ల మిరియాలనీ, తెల్లవాళ్ళను ఎర్ర మిరపకాయలనీ అన్నాడు. నల్ల మిరియాలు అయిపోవస్తున్నాయి, ఎర్ర మిరపకాయలు మాత్రం పొదుపుగా వాడుతున్నారు అన్న అర్థంలో రాస్తే ఇంటివాళ్ళకు అర్థమైంది. సెన్సార్‌కూ అర్థమైంది!

ఇక్కడ మన తెలుగు అభ్యర్థి ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ నివేదికల్లో పంజాబీలు, గఢ్వాలీలు, పఠాన్లు ఎక్కువ, మనవాళ్ళు ఎందుకు కనిపించరు? కారణం సైన్యంలో చేర్చుకునే విధానంలో ఉంది. 1880లలో మద్రాసు సైన్యానికి అధిపతిగా పనిచేసిన ఫ్రెడరిక్ రాబర్ట్స్ వంటివాళ్ళు 'యుద్ధ జాతుల' సిద్ధాంతాన్ని బలపరిచారు. ఉత్తరాదివాళ్ళే యుద్ధానికి పనికొస్తారని నమ్మి దక్షిణాది రెజిమెంట్లను తగ్గించుకుంటూ వచ్చారు. ఫ్రాన్స్‌కు వెళ్ళిన దళాల్లో తెలుగువాళ్ళు తక్కువ కాబట్టి, ఫ్రాన్స్ ఉత్తరాల్లోనూ తక్కువ. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. దాన్ని 'మిలిటరీ మాధవరం' అంటారు. మొదటి యుద్ధానికి 90 మంది, రెండో యుద్ధానికి వెయ్యి మందికి పైగా ఆ ఒక్క ఊరి నుంచి వెళ్ళారని గ్రామస్థులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆర్కైవులో పేరు లేకపోతే ఆ మనుషులు యుద్ధంలో లేరని కాదు. ఆర్కైవులోని నిశ్శబ్దానికి కూడా ఒక చరిత్ర ఉంటుంది.

బూట్లలో దాచిన డైరీ, బామ్మ దాచిన ఉత్తరాలు

సాలువా ఉన్న బెంగాల్ నుంచే ఇంకో రెండు ఉదాహరణలు చూద్దాం. ఇవి సెన్సార్ దాచినవి కావు, మనుషులు దాచుకున్నవి.

మెసపొటేమియా, అంటే ఇవాళ్టి ఇరాక్. 1915 డిసెంబర్‌లో జనరల్ టౌన్‌షెండ్ సైన్యాన్ని తుర్కులు కుట్ పట్టణంలో చుట్టుముట్టారు. 147 రోజుల ముట్టడి తర్వాత 1916 ఏప్రిల్ 29న ఆ సైన్యం లొంగిపోయింది. సుమారు 13 వేల మంది ఖైదీలయ్యారు. వాళ్ళలో ఎక్కువమంది భారతీయులు. ఆ ఖైదీల్లో బెంగాల్ ఆంబులెన్స్ కోర్‌కు చెందిన శిశిర్ సర్వాధికారి ఉన్నాడు. అతను డైరీ రాశాడు. ఎడారి నడకలో అది బయటపడకూడదని కాగితాలు చింపి బూట్లలో దాచుకున్నాడు. ఆ ముక్కల నుంచే తర్వాత తిరిగి రాసుకున్నాడు. దాని ఆధారంగా 1950ల చివర్లో 'అభి లే బాగ్దాద్' అనే బెంగాలీ పుస్తకం వచ్చింది. అందులో ఆకలి, రోగం, తోటి ఖైదీలు మాత్రమే లేరు. ఆర్మీనియన్ల మారణహోమపు ఆనవాళ్ళు కళ్ళారా చూసిన ఒక భారతీయుడి సాక్ష్యం కూడా ఉంది. ఏ వార్ డైరీలోనూ దొరకని సాక్ష్యం అది.

అదే ముట్టడిలో డాక్టర్ కల్యాణ్ కుమార్ ముఖర్జీ ఉన్నాడు. ఇండియన్ మెడికల్ సర్వీస్ కెప్టెన్. ఇతను తల్లికి ఉత్తరాలు రాసేవాడు. దేశభక్తి పేరు మీద ఇంకొకరి నేల లాక్కోవడమే ఈ రక్తపాతానికి మూలం అన్న భావం వాటిలో కనిపిస్తుంది. బ్రిటిష్ యూనిఫాంలో ఉన్న అధికారి రాసిన మాట ఇది. 1917లో అతను ఖైదులోనే చనిపోయాడు. ఆ ఉత్తరాలను కాపాడి, వాటితో మనవడి జీవితకథ 'కల్యాణ్ ప్రదీప్' రాసింది అతని బామ్మ మోక్షదా దేవి. 1928లో అది అచ్చయ్యేనాటికి ఆమెకు 80 ఏళ్ళు.

'దాచిందెవరు?' అన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు చూడండి. ఒకచోట సెన్సార్ అధికారి, ఒకచోట ఖైదీ, ఒకచోట బామ్మ. సెన్సార్ దాచింది సామ్రాజ్య భద్రత కోసం, కాబట్టి సిపాయిల మనఃస్థితిని తెలిపే ముక్కలు ఏరుకున్నాడు. ఖైదీ దాచింది జరిగింది జరిగినట్టు చెప్పాలని. బామ్మ దాచింది మనవడి కోసం. దాచిన ఉద్దేశాన్ని బట్టే మనకు చేరిన జ్ఞాపకం ఆకారం మారింది.

డైరీల విషయంలో ఇంకొక పేరు గుర్తుంచుకోండి. జైపూర్ సంస్థానానికి చెందిన అమర్ సింగ్. 1898 నుంచి 1942 వరకు 44 ఏళ్ళు డైరీ రాశాడు. 89 సంపుటాలు. 1914లో ఫ్రాన్స్ రంగంలో ఉన్నాడు. కానీ ఇతను ఉన్నత కుటుంబీకుడు, అధికారి, ఇంగ్లీషులో రాయగలిగినవాడు. సామాన్య సిపాయికి ఆ అవకాశం లేదు. డైరీ అన్నది తీరిక, చదువు, కాగితం, దాచుకునే ఇల్లు ఉన్నవాడికే దక్కే సౌకర్యం.

మళ్ళీ సాలువాకి: 1944

ఇప్పుడు రెండో యుద్ధంలోకి, సాలువా రన్‌వే దగ్గరికి వద్దాం. 1944లో అమెరికా తన కొత్త బి-29 బాంబర్లను ఈ ప్రాంతానికి తెచ్చింది. ఖరగ్‌పూర్ చుట్టుపక్కల చాకులియా, పియార్‌డోబా, దూధ్‌కుండి వంటిచోట్ల ఎయిర్‌ఫీల్డులు సిద్ధమయ్యాయి. వేలాది స్థానిక కూలీలు గంపలతో మట్టి, రాళ్ళు మోశారు. ఇరవయ్యో బాంబర్ కమాండ్ ప్రధాన కార్యాలయం ఖరగ్‌పూర్ హిజ్లీలో పెట్టారు. 1944 జూన్ 5న బ్యాంకాక్ రైల్వే యార్డుల మీద బి-29ల మొదటి దాడికి 98 విమానాలు ఈ ప్రాంతం నుంచే లేచాయి. జూన్ 15న చైనాలోని చెంగ్డూ మీదుగా జపాన్‌లోని యవాటా ఉక్కు కర్మాగారం మీద దాడి జరిగింది. ఆగస్టు చివర్లో కమాండ్ బాధ్యత కర్టిస్ లిమేకి వచ్చింది. 1945 వసంతానికి బాంబర్లు పసిఫిక్‌లోని మరియానా దీవులకు తరలిపోయాయి.

హిజ్లీ భవనాన్ని గమనించండి. 1931 సెప్టెంబర్ 16న పోలీసు కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయిన నిర్బంధ శిబిరం అదే. యుద్ధంలో అమెరికన్ వైమానిక కార్యాలయం అదే. 1951లో దేశపు మొదటి ఐఐటీ మొదలైంది అక్కడే. ఒకే గోడలు మూడు కాలాలను చూశాయి. మూడు కాలాల్లో ఎవరి కాగితాలు మిగిలాయి అన్నది వేరే ప్రశ్న.

అమెరికన్ సైనికుడి ఉత్తరానికి ఒక వ్యవస్థ ఉంది. 1942 నుంచి వి-మెయిల్ పద్ధతి వచ్చింది. ఉత్తరాన్ని ఫొటో తీసి మైక్రోఫిల్ముగా విమానంలో పంపి, అక్కడ తిరిగి కాగితం మీద ముద్రించి ఇంటికి చేర్చేవారు. బరువు తగ్గేది, జాగా కలిసొచ్చేది. యూనిట్ అధికారి ముందే చదివి, స్థలం పేరు ఉంటే కొట్టేసేవాడు. కాబట్టి సాలువా నుంచి వెళ్ళిన ఉత్తరంలో కూడా 'ఇండియాలో ఎక్కడో' అనే ఉండేది. అయినా ఉత్తరం ఇంటికి చేరింది, ఇంట్లో ఒక పెట్టె ఉంది, తర్వాత ఆ పెట్టెను అడిగి తీసుకునే సంస్థ కూడా వచ్చింది. 2000 సంవత్సరంలో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్ట్ పెట్టింది. మాజీ సైనికుల మాటలతోపాటు ఉత్తరాలు, డైరీలు, ఫొటోలు అది సేకరిస్తుంది.

అదే రన్‌వేకి గంపతో రాళ్ళు మోసిన మనిషి సంగతేమిటి? మేదినీపూర్ జిల్లాకు ఆ యుద్ధమంటే బాంబర్లు మాత్రమే కాదు. 1942 అక్టోబర్ 16న పెను తుఫాను తీరప్రాంతాన్ని ఊడ్చేసింది. అదే ఏడాది డిసెంబర్ 17న తమ్లుక్‌లో తామ్రలిప్త జాతీయ సర్కార్ ఏర్పడింది. 1943లో కరువు. బెంగాల్ మొత్తంలో చనిపోయినవాళ్ళు 15 లక్షలని నాటి విచారణ కమిషన్ చెప్పింది, చరిత్రకారుల అంచనా 30 లక్షల దాకా వెళ్తుంది. విదేశాల్లో ఉన్న భారత సైనికుల ఉత్తరాల మీద సెన్సార్ నివేదికలు ఈ యుద్ధంలోనూ తయారయ్యాయి. ఇంట్లో బియ్యం ధర ఎంతైంది, పిల్లలు తింటున్నారా అన్న ఆందోళన వాటిలో పదేపదే కనిపిస్తుంది. కరువు వార్తను పత్రికల్లో అణచాలని చూసిన ప్రభుత్వానికి, ఆ కరువు సిపాయి మనసును ఎలా కొరికేస్తోందో చెప్పింది ఈ ఉత్తరాలే.

తెలుగువాళ్ళ వైపు చూడండి. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. రేవుల్లో, మిల్లుల్లో పనిచేసే వేలాది తెలుగు కూలీలు బర్మా వదిలారు. కొండలు, అడవులు దాటి నడిచి వచ్చినవాళ్ళలో ఎంతోమంది దారిలోనే పోయారు. మిగిలినవాళ్ళు కలకత్తా చేరి మద్రాసు లైను రైలెక్కితే, ఖరగ్‌పూర్ మీదుగానే ఊరు చేరాలి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. అంటే ఖరగ్‌పూర్ తెలుగు రైల్వే కార్మికుడికి యుద్ధం రెండు వైపులా ఉంది. తన వర్క్‌షాపు పక్కనా, తన సొంతూరు ఒడ్డునా. ఇవన్నీ వాళ్ళు ఇంటికి కార్డు ముక్క మీద రాసే ఉంటారు. సైనికుడి ఉత్తరంలా ఆ కార్డును ఏ సెన్సార్ కార్యాలయమూ తర్జుమా చేసి దాచిపెట్టలేదు. అది మిగిలితే ఇంట్లోనే మిగలాలి.

చట్టం ఏం చెబుతుంది?

పాలన దృష్టితో ఈ భాగం ముఖ్యం. పబ్లిక్ రికార్డ్స్ చట్టం 1993లో వచ్చింది, దాని నిబంధనలు 1997లో వచ్చాయి. కేంద్ర ప్రభుత్వ పత్రాల నిర్వహణ దీని పరిధి. 1892కు ముందు తయారైన రికార్డులను, వాడటానికి వీల్లేనంతగా పాడైతే తప్ప, ధ్వంసం చేయకూడదు. నిబంధనలకు విరుద్ధంగా రికార్డులు తరలిస్తే, నాశనం చేస్తే ఐదేళ్ళ వరకు జైలు లేదా పదివేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. ప్రైవేటు వ్యక్తుల దగ్గరి చారిత్రక పత్రాలను బహుమతిగా గానీ కొని గానీ నేషనల్ ఆర్కైవ్స్ స్వీకరించవచ్చు. 'స్వీకరించవచ్చు' అన్న మాట గమనించండి. వెతికి సేకరించాలన్న బాధ్యత అందులో లేదు.

2021 జూన్‌లో రక్షణ శాఖ యుద్ధ చరిత్రల సేకరణ, రహస్య వర్గీకరణ తొలగింపు, సంకలనంపై ఒక విధానం ప్రకటించింది. వార్ డైరీలు, ఆపరేషనల్ రికార్డు పుస్తకాల వంటివి రక్షణ శాఖ చరిత్ర విభాగానికి చేరాలి. యుద్ధం పూర్తయిన రెండేళ్ళలో కమిటీ ఏర్పడాలి, ఆ తర్వాత మూడేళ్ళలో చరిత్ర సిద్ధం కావాలి. రికార్డులు సాధారణంగా 25 ఏళ్ళలో రహస్య వర్గం నుంచి బయటికి రావాలి. కార్గిల్ తర్వాత కె. సుబ్రహ్మణ్యం నేతృత్వంలోని సమీక్షా కమిటీ, ఎన్.ఎన్. వోహ్రా కమిటీ ఇలాంటి విధానం కావాలని సూచించిన నేపథ్యం దీనికి ఉంది. 1962 యుద్ధంపై హెండర్సన్ బ్రూక్స్ నివేదిక దశాబ్దాల పాటు రహస్యంగా ఉండిపోయిన సంగతి మీకు తెలిసిందే.

ఇది మంచి అడుగు. కానీ ఈ విధానం దృష్టి ప్రధానంగా యూనిట్ వార్ డైరీల మీద, అధికారిక పత్రాల మీద ఉంది. సిపాయి ఇంటికి రాసిన ఉత్తరం దాని పరిధిలోకి రాదు. కార్గిల్‌లో అమరుడైన కెప్టెన్ విజయంత్ థాపర్ చివరి ఉత్తరం మనకు తెలిసింది కుటుంబం దాచి పంచుకోవడం వల్లే. ప్రభుత్వ పత్రానికి చట్టం ఉంది, ఇంటి పత్రానికి ఇంటివాళ్ళే దిక్కు.

ఉత్తరాన్ని ఎలా చదవాలి?

ఉత్తరం దొరికింది కదా అని అందులోని ప్రతి మాటా నిజమని రాసేయకండి. సైనికుడు ఇంటివాళ్ళు భయపడకూడదని కష్టం దాస్తాడు. సెన్సార్ ఉందని కోపం దాస్తాడు. డబ్బు పంపమని అడగడానికి కష్టం పెంచి చెప్పవచ్చు కూడా. రాయడం వచ్చినవాళ్ళ ఉత్తరాలే ఎక్కువ మిగులుతాయి. చనిపోయినవాడి చివరి ఉత్తరాన్ని కుటుంబం దాచినంత పదిలంగా, క్షేమంగా తిరిగొచ్చినవాడి మామూలు ఉత్తరాలను దాచదు. అందువల్ల మిగిలిన ఉత్తరాలు మొత్తం సైన్యానికి అచ్చమైన నమూనా కావు.

కాబట్టి ఉత్తరాన్ని వార్ డైరీతో, పత్రికతో, మౌఖిక చరిత్రతో పోల్చి చూడాలి. తేదీ, స్థలం, సంఖ్యల కోసం అధికారిక పత్రం. భయం, ఆకలి, ఆశ, అనుమానం కోసం ఉత్తరం. ఈ రెండూ కలిసినప్పుడే యుద్ధం మనుషుల అనుభవంగా అర్థమవుతుంది. రెండు చోట్లా కనిపించనివాళ్ళు, అంటే రన్‌వే కూలీ, బర్మా నుంచి నడిచొచ్చిన తల్లి, వాళ్ళకోసం మౌఖిక చరిత్ర.

మీ ఇంటి అటక మీద

చివరగా, పరీక్షకు సంబంధం లేనట్టు కనిపించే మాట. ఇది చదువుతున్నవాళ్ళలో తాతో ముత్తాతో సైన్యంలో, రైల్వేలో, బర్మాలో పనిచేసినవాళ్ళు తప్పక ఉంటారు. ఈసారి ఊరు వెళ్ళినప్పుడు అటక మీది ట్రంకు పెట్టె దించండి.

ఉత్తరం దొరికితే లామినేషన్ చేయించకండి, ప్లాస్టిక్ టేపు అతికించకండి. రెండూ కాగితాన్ని పాడుచేస్తాయి. మడతలు మెల్లగా విప్పి, ఎండా చెమ్మా తగలనిచోట పెట్టండి. కవరు పారేయకండి, దానిమీది తపాలా ముద్రలోనే తేదీ, ఊరు ఉంటాయి. రెండు వైపులా స్కాన్ చేయండి. ఫొటో ఉంటే వెనక అంచున మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, ఏడాది రాయండి. రాత అర్థం కాకపోతే ఇంట్లో పెద్దవాళ్ళను చదవమని అడిగి, ఆ మాటలు ఫోనులో రికార్డు చేయండి. అందరితో పంచుకునే ముందు ఇంటివాళ్ళ అనుమతి తీసుకోండి. ఉత్తరం రాసినవాడిదే కాదు, అందులో పేరున్న ప్రతివాడిదీ.

సాలువా ఫొటోల్లోని మనుషులకు ఇవాళ పేర్లు లేకపోవడానికి కారణం ఎవరి దుర్మార్గమూ కాదు. ఆ ఫొటోల వెనక నాలుగు మాటలు రాసిపెట్టాలని ఆ రోజు ఎవరికీ తట్టలేదు, అంతే. మీ ఇంట్లో ఆ పేర్లు ఇంకా గుర్తున్న మనిషి బహుశా ఒక్కరే మిగిలి ఉంటారు. అడగండి.

సాధన ప్రశ్నలు

1. 'సైనికుల ఉత్తరాలు యుద్ధ చరిత్రను సైన్యాధిపతుల నుంచి సామాన్యుల వైపు తిప్పాయి.' మొదటి ప్రపంచ యుద్ధంలో భారత సైనికుల అనుభవం ఆధారంగా చర్చించండి. (250 పదాలు)

2. ఆర్కైవులోని నిశ్శబ్దాలకు వలస పాలనా విధానాలు ఎంతవరకు కారణం? 'యుద్ధ జాతుల' సిద్ధాంతాన్ని ఉదాహరణగా తీసుకుని వివరించండి. (150 పదాలు)

3. వ్యాసం: జ్ఞాపకం ఎవరి ఆస్తి? (1000 పదాలు)

మొదటి ప్రశ్నకు ఈ రోజే జవాబు రాయండి. రాశాక ఒకసారి సరిచూసుకోండి: 'రాసిందెవరు?' అని అడిగారా? 'దాచిందెవరు?' అని కూడా అడిగారా?